ప్రార్థన డైరీ: ఎనిమిదేళ్లు రాశాక

2017 డిసెంబరు 31న, కొత్త ఏడాదిని ప్రార్థనతో మొదలుపెట్టే వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్లేముందు, ప్రార్థన డైరీ రాసుకోవడానికి గుంటూరులో ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. అప్పటినుంచి ఏటా ఒకటి కొంటున్నాను. ఇప్పుడు బీరువా కింది అరలో ఎనిమిది పుస్తకాలున్నాయి. నేను స్టాఫ్ నర్సుని. నెలలో పది రోజులు నైట్ డ్యూటీ, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. ఇలాంటి ఇంట్లో కూర్చుని ప్రార్థన డైరీ రాయడం కుదురుతుందా, రాస్తే ఏమైనా మారుతుందా అని మా సంఘంలో, అంటే మా చర్చిలో, ఆడపిల్లలు అడుగుతుంటారు. కుదురుతుంది, మారుతుంది. అయితే నేను మొదట అనుకున్న విధంగా మాత్రం కాదు.

ముందు పుస్తకం సంగతి. రెండో ఏడాది మా పిన్ని కూతురు హైదరాబాదు నుంచి అందమైన ఇంగ్లీషు ప్రేయర్ జర్నల్ పంపింది. ప్రతి పేజీలో చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో మూడు గీతలు. తెలుగులో రాస్తే పై వరుసలోని వత్తులు వెళ్లి కింది వరుసలోని గుడులకు తగిలేవి. ‘కృతజ్ఞత’ అని రాయడానికే చోటు చాలలేదు. రెండు వారాల్లో పక్కన పెట్టేశాను. తేదీలు అచ్చువేసిన డైరీ ఇంకో రకం ఇబ్బంది. వరసగా నాలుగు నైట్లు చేసి వచ్చాక చూస్తే నాలుగు ఖాళీ పేజీలు కనిపించేవి. వాటిని చూస్తే దేవుని దగ్గర తప్పు చేసినట్టు అనిపించి, ఐదో రోజు కూడా తెరవబుద్ధి అయ్యేది కాదు. 2020లో ఫోన్‌లో ఒక యాప్ వాడాను. పాత సంగతులు వెతుక్కోవడానికి చాలా బాగుంది. కానీ ఫోన్ మార్చినప్పుడు ఆరు నెలల రాతలు పోయాయి. మళ్లీ లాంగ్ నోట్‌బుక్‌కే వచ్చాను. తేదీ మనమే వేసుకుంటాం కాబట్టి ఖాళీ రోజు కంటికి కనిపించదు. జెల్ పెన్ వద్దు, సిరా వెనక్కి దిగుతుంది. మామూలు బాల్ పెన్ చాలు.

మా సంఘంలో 31 రాత్రి సాక్ష్యాలు, ప్రభు భోజనం అయ్యాక పళ్లెంలో వాగ్దానం కార్డులు, అంటే ఒక్కో బైబిలు వాక్యం రాసి ఉన్న కార్డులు పెడతారు. ఒక్కొక్కరం ఒక్కో కార్డు తీసుకుంటాం. ఇలా వాక్యం తీయడం మనకొక్కళ్లకే ఉన్న అలవాటు కాదు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు చీటీలు తీసి రోజుకో వాక్యం ఎంచుకుంటారు. ఆ వాక్యాల పుస్తకం 1731 నుంచి ఏటా అచ్చవుతూనే ఉంది.

2018కి నాకొచ్చిన కార్డు యిర్మీయా 29:11, అంటే బైబిలులో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. సమాధానకరమైన ఉద్దేశాలు, రాబోయే కాలానికి నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే మాట. డైరీ మొదటి పేజీలో ఆ వాక్యం రాసి, దాని కిందే ‘ఈ ఏడాది పర్మినెంట్ ఉద్యోగం’ అని రాసి రెండు గీతలు గీశాను. ఆ ఏడాది రాలేదు. 2019లోనూ రాలేదు. నా విశ్వాసంలోనే ఏదో లోపముందని చాలా ఏడ్చాను. ఆ పేజీల నిండా అదే ఉంది.

ఒకరోజు మా సంఘం పాస్టరు అయ్యగారు ఆ అధ్యాయం మొత్తం చదవమన్నారు. నేను పట్టుకున్న వచనానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల మాట ఉంది. అది బబులోను చెరలో, అంటే ఆ దేశంలో బందీలుగా ఉన్న యూదులకు రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని పైనే ఉంది. పన్నెండు నెలల్లో జరగాలని నేను గడువు పెట్టిన మాటకు దేవుడు పెట్టిన గడువు డెబ్బై ఏళ్లు! అప్పటినుంచి కార్డు రాగానే వాక్యం ఒక్కటే రాసి ఊరుకోను. జనవరి మొదటి వారమంతా ఆ అధ్యాయమే చదువుతాను. అది ఎవరికి, ఎప్పుడు చెప్పిన మాటో రెండు ముక్కల్లో రాసుకుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

రెండో మార్పు 2020లో చేశాను. అంతవరకు అడిగేవి, చేసేవి కలిపి ఒకే జాబితాగా రాసేదాన్ని. ‘ఉద్యోగం రావాలి’, ‘నాన్నకు షుగర్ తగ్గాలి’, ‘రోజూ అరగంట ప్రార్థన చేయాలి’ అన్నీ వరసగా ఉండేవి. మొదటి రెండూ నా చేతిలో లేవు, మూడోదే నాది. ఇప్పుడు పుస్తకాన్ని రెండుగా విడగొట్టాను. ముందు సగం ‘అడిగేవి’. ఎడమ పేజీలో తేదీ వేసి మనవి రాస్తాను, ఎదురుగా కుడి పేజీ ఖాళీగా ఉంచుతాను. జవాబు వచ్చిన రోజు అక్కడ రాస్తాను. వెనక సగం ‘చేసేవి’. అందులో నేను చేయగలిగినవే రాస్తాను, అదీ ఐదుకు మించకుండా. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోయింది.

‘చేసేవి’లో ఏటా మొదటిది బైబిలు చదవడం. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాయి. ఈ లెక్కతో మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోయాను. డ్యూటీ దిగి వచ్చి బలుల వివరాలు చదువుతూ పుస్తకం మీదే నిద్రపోయేదాన్ని. తర్వాత బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన ఒక్కటే పెట్టుకున్నాను. అందులో 260 అధ్యాయాలు, అంటే వారానికి ఐదు చొప్పున సరిగ్గా 52 వారాలు. వారంలో రెండు రోజులు ఖాళీ దొరుకుతుంది, తప్పినవి అప్పుడు చదువుకోవచ్చు. 2021 నుంచి ప్రతి ఏడాదీ పూర్తి చేశాను. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు.

రాయడం ఎంత ముఖ్యమో, రాసింది మళ్లీ చదవడం అంత ముఖ్యం. అమెరికాలో జోనతాన్ ఎడ్వర్డ్స్ అనే బోధకుడు 1722, 1723లలో, ఇరవై ఏళ్లు నిండకముందే 70 తీర్మానాలు రాసుకున్నాడు. వాటిని వారానికొకసారి చదవాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. నేనూ ఆదివారం సాయంత్రం ‘చేసేవి’ పేజీ చదువుతాను. పది నిమిషాల పని.

ఆ చదవడం వల్లే ఒకటి జరిగింది. పొలం పంపకాల దగ్గర మా తోడికోడలికీ నాకూ మాటలు పోయాయి. ‘అక్కతో మాట్లాడాలి’ అని 2019లో రాశాను. 2020లో మళ్లీ రాశాను, 2021లో మళ్లీ. 2022 జనవరిలో నాలుగోసారి రాయబోతూ పాత పుస్తకాలు తీసి చూశాను. అదే వాక్యం, అదే చేతిరాత, మూడుచోట్ల. నా చేతిరాతే నన్ను నిలదీసినట్టయింది. పెన్ను కింద పెట్టి ఫోన్ తీశాను. “ఏంటే, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?” అంది. ఆ గొంతులో కోపం లేదు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. పొలం గొడవ ఇంకా పూర్తిగా తేలలేదు గానీ, క్రిస్మస్‌కు మా ఇంట్లో అరిసెలు వండేది ఆవిడే.

లోపాలూ చెప్పాలి. కాగితం మీద రాసింది ఇంట్లో ఎవరైనా చదవొచ్చు. ఒకసారి అత్తయ్యగారు నా డైరీ చూసి, ఆవిడ గురించి రాసిన నాలుగు ముక్కలకు వారం రోజులు నొచ్చుకున్నారు. అప్పటినుంచి బీరువాకు తాళం వేస్తున్నాను, అసలు మనుషుల మీద కోపం రాయడమే తగ్గించాను. వార్డులో పేషెంట్ల కోసం రాసేటప్పుడు పేరు రాయను, పొడి అక్షరం కూడా రాయను. ‘కిటికీ పక్క మంచం తల్లి’ అంటే నాకు తెలుస్తుంది, దేవునికి తెలుస్తుంది. ఇంకొకటి, అలసిపోయిన రోజుల్లో రాతే ప్రార్థన అయిపోయి మోకాళ్లు వంచడం మానేసే ప్రమాదముంది. నాకు 2023లో కొన్ని నెలలు అలాగే గడిచాయి.

ఇక కుడి పేజీలు. 2021 మేలో నాన్న కోవిడ్‌తో పడుకున్నారు. నేను వేరే ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. తొమ్మిది ఎడమ పేజీలు నిండా రాశాను, కొన్ని రోజులు పూటకొకటి. నాన్న వెళ్లిపోయారు. తొమ్మిది కుడి పేజీలు తెల్లగా మిగిలాయి. ఆ డిసెంబరులో ఆ పేజీలు తెరవలేకపోయాను. డైరీ మానేద్దామని కూడా అనుకున్నాను.

మరుసటి ఈస్టరు తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పేజీలు తెరిచాను. జవాబు అని రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని జరిగింది రాశాను. అర్ధరాత్రి సిలిండరు సంపాదించి తెచ్చిన అబ్బాయి గురించి రాశాను. పద్నాలుగు రోజులు గుమ్మం ముందు క్యారేజీ పెట్టి వెళ్లిన పక్కింటి ముస్లిం అమ్మగారి గురించి రాశాను. ఆఖరి ఫోన్‌లో నాన్న 121వ కీర్తన చదవమంటే చదివాను. మధ్యలో నా గొంతు ఆగిపోతే మిగతాది ఆయనే చూడకుండా చెప్పారు. అదీ రాశాను. ఐదు పేజీలు నిండాయి. నాలుగు అలాగే ఖాళీగా ఉన్నాయి, వాటిని నింపాలని ప్రయత్నించను.

ఏడాది పుస్తకమంతా తిరగేయడం 31న పెట్టుకోకండి. ఆ రోజు గుడి పని, వంట పని ఉంటాయి. 30 రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు గంటలు తీసుకోండి. 2026 పుస్తకం నిన్ననే కొన్నాను. ఎప్పుడూ కొనే 200 పేజీలది దొరక్క కొంచెం పలచనిది తెచ్చాను. ఉద్యోగం ఇంకా కాంట్రాక్టే. మొదటి ఎడమ పేజీలో ఆ మనవి ఈసారి కూడా రాస్తాను.