జనవరిలో హైదరాబాద్: ఒక వారం కచేరీలు, ఖవ్వాలీ, కొంచెం తలనొప్పి

ముందు అందరూ అడిగేదే చెప్పేస్తాను. శనివారం ఊరి చివర గ్రౌండులో జరిగిన ఆ పెద్ద సినిమా పాటల షో ఎలా ఉంది? పాడినాయన గొంతులో లోటేమీ లేదు, మాకే సరిగ్గా వినే యోగం లేదు. రెండున్నర వేలు పెట్టి కొన్న టికెట్‌కి ‘గోల్డ్’ అని గొప్ప పేరు, మా ముందు ఇంకో మూడు రకాల టికెట్ల వాళ్లు, వాళ్లకీ మాకూ మధ్య ఇనుప బారికేడ్లు, అక్కడి నుంచి చూస్తే స్టేజీ మీద మనుషులు అగ్గిపుల్లలంత. సరే తెర చూద్దాం అనుకుంటే పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి 150 మీటర్ల దూరంలో నిలబడ్డవాడికి దాదాపు అర సెకను ఆలస్యం తప్పదు. మధ్యమధ్యలో స్తంభాలు కట్టి స్పీకర్లు పెట్టి, ఆ ఆలస్యాన్ని లెక్క చూసుకుని, తెర మీద బొమ్మని కూడా ఆ మేరకు ఆలస్యంగా చూపిస్తే సరిపోతుంది. డబ్బుల్లేక కాదు, బాణసంచా మాత్రం బాగానే కాల్చారు. ఆరున్నరకి అన్నది ఎనిమిదింపావుకి మొదలైంది, నీళ్ల సీసా గేటు దగ్గరే లాక్కుని లోపల మూడింతల ధరకి అమ్మారు, అయిపోయాక పార్కింగ్ నుంచి రోడ్డెక్కడానికే గంటన్నర. మళ్లీ వెళ్తానా అంటే, ఎవరైనా టికెట్ కొనిపెట్టినా ఆలోచిస్తాను.

ఈ షో గొడవ పక్కన పెడితే వారం మాత్రం బ్రహ్మాండంగా గడిచింది, ఎక్కువ భాగం పైసా ఖర్చు లేకుండా. విజయనగరం నుంచి మా బావ వచ్చాడు. కుర్రతనంలో అక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఉద్యోగం వేరే, చెవి మాత్రం అదే. జనవరిలో త్యాగరాజ ఆరాధన పడే రోజుల్లో ఇక్కడ ఏ సాయంత్రమైనా రెండు మూడు చోట్ల పాట ఉంటుంది, పైగా చలికాలం, చెమట్లు పట్టకుండా తిరగొచ్చు. మా ఇంట్లోనే ఉండు బావా అంటే ఒప్పుకోలేదు. "నీ నిజాంపేట నుంచి రవీంద్రభారతికి వచ్చేలోపు నేను విజయనగరం నుంచి విశాఖ పోయి కాఫీ తాగొచ్చురా" అన్నాడు. తప్పేం లేదు.

అందుకని లక్డీకాపూల్‌లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం, రోజుకి 1,800. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గీజర్ మాత్రం తన మూడ్‌ని బట్టి పని చేసేది, రిసెప్షన్‌లో చెబితే "రేపు చూస్తాం సార్" అని రోజూ నవ్వుతూ చెప్పేవాళ్లు. కానీ చోటు విషయంలో మాత్రం ఇంతకంటే మంచిది దొరకదు అనుకుంటున్నాను. రవీంద్రభారతికి నడిచి వెళ్లొచ్చు. నాంపల్లి మెట్రోలో రెండో స్టేషన్, పంజాగుట్ట అటు వైపు మూడోది, చిక్కడపల్లికి ఎంజీబీఎస్‌లో రైలు మారితే చాలు. కచేరీల కోసం బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లెవరైనా హైటెక్ సిటీ వైపు మంచి హోటళ్లు ఉన్నాయి కదా అని అక్కడ దిగొద్దు. పాత తరహా సభలన్నీ ఇటు పక్కే. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది, ఆ తర్వాత ఆటోవాళ్లు చెప్పిందే ధర.

మొదటి సాయంత్రం రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతికి కట్టిన హాలు, 1961 నాటిది, ఇప్పటికీ ఊళ్లో నాకు నచ్చిన పెద్ద హాలు అదే. మధ్య వరుసల్లో, నడవ పక్కన కూర్చుంటే గాత్రం, వయొలిన్ రెండూ విడివిడిగా చెవిన పడతాయి. ఆ రోజు కర్ణాటక గాత్ర కచేరీ, ప్రవేశం ఉచితం. ఉచితం అంటే ఒక చిన్న షరతు ఉంటుంది, అది ఈ హాలుకో ఆ హాలుకో సంబంధించింది కాదు, మన సభలన్నిటికీ పట్టిన జబ్బు: జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, మళ్లీ వాళ్లందరూ నిలబడి ఒక ఫొటో. కార్డులో ఆరు అని ఉంటే ఏడుకి వెళ్లండి, ఏమీ పోగొట్టుకోరు. మేం తెలిసే ఆరుంబావుకి వెళ్లి బయట టీ తాగాం. పాట మొదలయ్యాక గాయని రెండుసార్లు మైకు కుర్రాడి వైపు చూసి ఫీడ్‌బ్యాక్ (తన పాట తనకే వినిపించే స్పీకర్) కొంచెం పెంచమని సైగ చేసింది, అతను ఫోన్ చూసుకుంటున్నాడు. మృదంగం మోత ఎక్కువై పాట దాని వెనకెక్కడో వినిపించింది. బావ గొణుక్కున్నాడు. నాలుగో కీర్తనకి ఎవరో లేచి వెళ్లి చెప్పారు కాబోలు, ఒక్కసారిగా సర్దుకుంది, ఆ తర్వాత కల్యాణి రాగాలాపన మొదలెట్టేసరికి హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, రాగానే సగం మంది లేచి బయటికి నడవడం మాత్రం ఎన్నేళ్లయినా మారలేదు. మృదంగం ఆయన అంతసేపు గాయనికి ఊతంగా వాయించి తన వంతు కోసం కాచుకుని కూర్చుంటే, సరిగ్గా అప్పుడే మనకి బస్సు గుర్తొస్తుంది.

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి హరికథ కోసం వెళ్లాం. నిజానికి నా లిస్టులో అది లేదు, బావ పట్టుబట్టాడు. ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన అజ్జాడ వాళ్ల వైపే, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే, కాబట్టి హరికథ మాట ఎత్తితే మా బావ స్వరం ఒక మెట్టు పైకి వెళ్తుంది. జనం అరవై మందికి మించి లేరు, సగానికి పైగా పెద్దవాళ్లు. చెప్పినావిడకి పాతికేళ్లు ఉంటాయేమో, పట్టు చీర, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, రుక్మిణీ కల్యాణం ఎత్తుకుంది. పాట పాడుతూ, అడుగు వేస్తూ, మధ్యలో ఆపి ఒక పిట్టకథ చెప్పి నవ్వించి, నవ్వు అయిపోక ముందే శ్రుతి తప్పకుండా మళ్లీ పద్యంలోకి దూకడం, ఇవన్నీ ఒకే మనిషి రెండు గంటలు చేయాలి. పిట్టకథలో పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూప్ వచ్చింది, ముందు వరుసలో తాతగారు కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఈ వారం మొత్తంలో మనిషి నేరుగా మనతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది ఇక్కడే. హాలు చిన్నది కావడం కూడా ఒక కారణం. స్టేజీకీ కుర్చీకీ మధ్య దూరం ఎంత తగ్గితే పాట అంత బాగుంటుందని నాకో పిచ్చి సిద్ధాంతం ఉంది, వారం అంతా అదే రుజువవుతూ వచ్చింది. తర్వాత ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి బిర్యానీ తిన్నాం. హరికథ మీద బిర్యానీ ఏమిట్రా అని బావ ఒక నిమిషం సంకోచించాడు, ఒక నిమిషమే.

గురువారం రాత్రి నాంపల్లి యూసుఫైన్ దర్గా. జనవరి అంటే పక్కనే నుమాయిష్, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ కూడా ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆ చుట్టుపక్కల బండి తీయడం అంటే టెన్షన్ కొని తెచ్చుకోవడమే. మెట్రోలో కూడా కాలు పెట్టే సందు ఉండదు, అయినా మెట్రోనే నయం. దర్గాలో గురువారం ఖవ్వాలీ వినడానికి టికెట్ లేదు, కుర్చీ లేదు, చెప్పులు బయట వదిలి, తల మీద చేతిరుమాలు కట్టుకుని నేల మీద కూర్చోవడమే. ఈ ఊరి ఖవ్వాలీకి పెద్ద చరిత్రే ఉంది. బహదూర్ షా జఫర్ ఆస్థానంలో పాడిన తాన్‌రస్ ఖాన్ ఢిల్లీ చెదిరిపోయాక నిజాం కొలువుకి వచ్చారు. వార్సీల కుటుంబం ఆయన పరంపరే, ఆ ఇంటి అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రోజు మేం విన్న బృందం పేరు ఎవరినీ అడగలేదు. రెండు హార్మోనియంలు, ఒక ఢోలక్, వెనక చప్పట్లు కొట్టే నలుగురు.

బావకి ఉర్దూ రాదు. పది నిమిషాలు బిగుసుకుని కూర్చున్నాడు. తర్వాత నా మోకాలు తట్టి "ఇది మన నెరవులే కదరా" అన్నాడు. నిజమే, కర్ణాటక కచేరీలో నెరవు చేసినట్టే ఒక చరణం పట్టుకుని, దాన్నే తిప్పి తిప్పి, ఒక్కో మాట మీద బరువు మార్చుతూ పాడుతున్నారు, మధ్యలో వేరే కవి పంక్తి ఒకటి తెచ్చి అతికించి మళ్లీ మొదటి పంక్తి మీదికే వస్తున్నారు. దాన్ని వాళ్లు గిరహ్ అంటారు. తేడా ఏంటంటే మన నెరవులో తాళం లెక్క తప్పకుండా గాయకుడే అంతా నడుపుతాడు, ఇక్కడ వినేవాడు నడుపుతాడు. ఒక ముసలాయన ఒక మాట దగ్గర చెయ్యి ఎత్తితే, ఆయన చెయ్యి దించేదాకా ఆ మాట వదల్లేదు. సౌండ్ సిస్టమ్ అంటే రెండు పాత స్పీకర్లు, ఒకటి బరబరమంటోంది. ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు. మీరు వెళ్తే పదీ ఇరవై నోట్లు దగ్గర ఉంచుకోండి, పాడేవాళ్ల ముందు పెట్టడం అక్కడి పద్ధతి. ఆడవాళ్లతో వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందు అక్కడివాళ్లని అడిగి వెళ్లండి.

లామకాన్ గురించి హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్లకి చెబుతున్నాను. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో ఒక సందులో పాత ఇల్లు, 2010 నుంచి ఇలా అందరికీ తెరిచి ఉంచారు, పెద్ద బండరాయి పక్కన ఆరుబయట స్టేజీ. సోమవారం సెలవు. చాయ్, సమోసా చవక, ఖిచిడీ దొరికితే వదలొద్దు. పంజాగుట్ట మెట్రోలో దిగి ఆటోలో వెళ్లాం, పార్కింగ్ గొడవ లేకుండా పోయింది. ఆ రోజు గజళ్లు. ఈ ఊళ్లో గజల్ అనగానే 2015లో పోయిన విఠల్ రావు గారి పేరు రాకుండా ఉండదు, పాడిన కుర్రాడు కూడా ముందు ఆయనకి దండం పెట్టే మొదలెట్టాడు. తబలా, హార్మోనియం, ఒక గిటార్. మైకు ఉందా లేదా అన్నట్టు ఉంది. షేర్ (గజల్‌లో రెండు పంక్తుల పద్యం) మొదటి పంక్తి చెప్పి ఆగుతాడు, జనం ‘వాహ్’ అంటారు, మళ్లీ అదే చెబుతాడు, రెండో పంక్తి కోసం మనల్ని ఉడికిస్తాడు. చలిగా ఉంది, మెట్ల మీద రాయి ఇంకా చలిగా ఉంది, చిన్న దిండు తీసుకెళ్లడం మంచిది. పదిలోపే అయిపోయింది. శనివారం గ్రౌండులో పెట్టిన డబ్బులో ఇరవయ్యో వంతు కూడా ఇక్కడ ఇద్దరికీ కలిపి కాలేదు.

మధ్యలో ఒక రాత్రి మాదాపూర్ వైపు ఒక బార్‌లో బ్యాండ్ వినడానికి నేనొక్కణ్నే వెళ్లాను. దాని గురించి ఎక్కువ రాయడానికేం లేదు. డ్రమ్మర్ చాలా బాగా వాయించాడు, పాత సినిమా పాటని రాక్‌లో తిప్పి వాయిస్తుంటే మొదట సరదాగా ఉంది, ఐదో పాటకి ఎటు తిరిగినా అదే. చౌరస్తా వాళ్లలా తెలుగులో సొంత పాటలు కట్టి పాడే బ్యాండ్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి కదా, వీళ్లెందుకు చేయరని బ్రేక్‌లో గిటారిస్ట్‌నే అడిగాను. "చేస్తాం అన్నా, కానీ సొంత పాట మొదలెడితే టేబుళ్ల వాళ్లు బిల్లు అడుగుతారు, మేనేజర్ మా వైపు చూస్తాడు" అన్నాడు. వాళ్ల బాధ వాళ్లది. కవర్ చార్జి వెయ్యి, చెవుల్లో హోరు మర్నాడు మధ్యాహ్నం దాకా పోలేదు.

ఆదివారం పొద్దున కూకట్‌పల్లిలో ఒక గుళ్లో పంచరత్న గోష్ఠి, అంటే త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదూ అందరూ కలిసి పాడడం. శిల్పారామంలో పెద్ద ఎత్తున జరిగే ఆరాధన ఉత్సవాలకి నేను ఇంతకు ముందు వెళ్లాను, బాగుంటుంది, పిల్లల్ని తీసుకెళ్లడానికి అదే సులువు. కానీ గోష్ఠి అన్నది కూర్చుని వినేదాని కంటే కలిసి పాడేది, చిన్న చోట అయితే మనకీ సందు దొరుకుతుంది. తెలిసినవాళ్లు ముందుకి రండి అని పిలవగానే బావ తెచ్చుకున్న వయొలిన్ పెట్టె తెరిచి వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఒక్కో రాగంలో ఒక్కో కీర్తన, ఆ వరసే ఎక్కడైనా. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. నాట అందరికీ వచ్చు, యాభై గొంతులు ఒక్కసారి లేచాయి, వేగం కూడా కాస్త లేచింది, ముందున్న పెద్దావిడ తొడ మీద చెయ్యి గట్టిగా కొట్టి వెనక్కి లాగింది. వరాళి దగ్గరికి వచ్చేసరికి గొంతులు పదికి పడిపోయాయి. ఆ రాగం గురువు నేరుగా నేర్పితే శిష్యుడితో చెడుతుందని ఒక నమ్మకం ఉంది, అందుకని చాలామంది దాన్ని విని పట్టుకున్నవాళ్లే, ధైర్యంగా పాడేవాళ్లు తక్కువ. నాకైతే వారంలో అన్నిటికంటే ఆ పదిమంది పాడిన వరాళే నచ్చింది, పక్కన మా బావ వాయిస్తున్నాడని కాదు, సాహిత్యం మాట మాటా అర్థమైంది కాబట్టి. పెద్ద గోష్ఠుల్లో ఆ తెలుగు ఎప్పుడూ హోరులో కలిసిపోతుంది.

శ్రీరాగం అయ్యాక పులిహోర, చక్రపొంగలి పెట్టారు. అతిథులు లేరు, శాలువాలు లేవు, తొమ్మిదికి అన్నది తొమ్మిదీ పదికి మొదలైంది. వచ్చే ఏడాది ఆరాధన తేదీ తెలియగానే చెప్పమన్నాడు బావ, గది మళ్లీ లక్డీకాపూల్‌లోనే, గీజర్ పని చేసేచోట.