థిన్నర్, యాసిడ్ లోడ్లు పంపాలంటే వైజాగ్ ఆటోనగర్‌లో ఈ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ దగ్గరికే వెళ్ళండి

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ తగ్గిన ఒక్కటీ ఫోన్ గురించి, పొద్దున్న లోడింగ్ మొదలయ్యాక ఎవరూ ఎత్తరు, ఆఫీసుకి వెళ్ళి నిలబడాల్సిందే. మిగతా విషయాల్లో గాజువాక చుట్టుపక్కల ఇలాంటి ట్రాన్స్‌పోర్ట్ నేనింకోటి చూళ్ళేదు.

మాది చిన్న వ్యాపారం, ఫ్యాబ్రికేషన్ షెడ్లకి, పౌడర్ కోటింగ్ వాళ్ళకి పెయింట్‌లో కలిపే థిన్నర్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడా వేస్తాం, విజయనగరం, శ్రీకాకుళం, ఇటు తుని దాకా కస్టమర్లున్నారు. నేను చూసిన మామూలు పార్సిల్ ఆఫీసుల్లో డ్రమ్ములో ఏముందని అడిగేవాడే ఉండడు, బిల్లు మీద కెమికల్ అని ఒక్క ముక్క రాసేసి బియ్యం బస్తాల పక్కన ఎక్కించేస్తారు. వీళ్ళ దగ్గర సూపర్‌వైజర్ మొదట అడిగేదే అది. "గురూగారూ, సరుకేటి, యూఎన్ నంబర్ ఎంత, సేఫ్టీ డేటా షీట్ తెచ్చారా?" యూఎన్ నంబర్ అంటే ప్రమాదకరమైన సరుకుని గుర్తుపట్టడానికి అన్ని దేశాల్లో వాడే నాలుగంకెల నంబర్, డేటా షీట్ అంటే ఆ సరుకు ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం. ఇవి చెప్తే గానీ రేటు కూడా చెప్పరు. కొంతమందికి ఇది విసుగ్గా ఉంటుందేమో గానీ వాళ్ళు సొంతంగా పెట్టుకున్న రూలేం కాదిది, 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోనే ఉంది, సరుకు పంపేవాడు పూర్తి వివరాలు ట్రాన్స్‌పోర్టర్‌కి ఇవ్వాలి, ట్రాన్స్‌పోర్టర్ వాటిని డ్రైవర్‌కి ఇవ్వాలి, డ్రైవర్ ఆ కాగితం క్యాబిన్‌లో పెట్టుకోవాలి. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసుండే ఆ కాగితాన్నే ట్రెమ్ కార్డు అంటారు, వీళ్ళు దాన్ని ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో కూడా ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇస్తున్నారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఒకరోజు నా ముందు స్విమ్మింగ్ పూల్ సామాన్లు వేసే ఒకాయన ఉన్నాడు, హైపో (నీళ్ళలో కలిపే బ్లీచ్ ద్రావణం) క్యాన్లు, యాసిడ్ క్యాన్లు రెండూ ఒకే బండిలో వేయమని గొడవ. మూతలు బిగించే ఉన్నాయి కదా, రెండు బండ్లు కడితే నాకేటి మిగుల్తాది అంటాడాయన. సూపర్‌వైజర్ గొంతు పెంచలేదు. "బాబూ, క్యాన్ పగిలి ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు, ముందర కూర్చునేది మా డ్రైవరు. ఇవాళ ఒకటి పంపుదాం, రేపు ఒకటి పంపుదాం" అన్నాడు. ఆయన కాసేపు సణిగి ఒప్పుకున్నాడు. లోడు పోయినా పర్లేదని అలా నిలబడేవాళ్ళు ఈ లైన్లో ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

బండి విషయానికొస్తే, పొగగొట్టానికి నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉంది, ఫైర్ సిలిండర్ డేట్ నేను చూశాను, బానే ఉంది. బండి మీద ఎమర్జెన్సీ ప్యానెల్ రూల్ ప్రకారం ఉంటుంది, సరుకు పేరు 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో, యూఎన్ నంబర్ 100 మిల్లీమీటర్ల అంకెల్లో, డైమండ్ ఆకారం లేబుల్ 250 మిల్లీమీటర్ల సైజులో, దాని కింద ఫోన్ నంబర్లు. థిన్నర్ అయితే 1263, హైడ్రోక్లోరిక్ అయితే 1789, లోడు మారితే ప్యానెల్ కూడా మారుస్తారు, పాతది అలాగే వదిలేసి తిరగడం నేను చూళ్ళేదు. తప్పు నంబర్ ఉంటే ఏ నంబరూ లేనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే ఫైర్ వాళ్ళు అది చూసే ఏం కొట్టాలో తేల్చుకుంటారు, థిన్నర్ మంట మీద ఊరికే నీళ్ళు కొడితే మంట నీళ్ళతో పాటే పారుతుంది.

ఇంత పట్టింపు ఎందుకూ అంటే, మనం వైజాగ్ వాళ్ళం కాబట్టి. 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో జరిగిన పేలుడు గురించి పెద్దవాళ్ళని అడగండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంక్ నుంచి స్టైరీన్ లీకై ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోంచి లేచి పరిగెత్తారు, 12 మంది పోయారు. చల్లగా ఉంచాల్సిన సరుకు, లాక్‌డౌన్‌లో ట్యాంకులో అలా నిలవుండి లోపలే వేడెక్కింది. గోడ అవతల అన్నేళ్ళ నుంచి ఉన్నవాళ్ళలో చాలామందికి లోపలున్నది ఏంటో, లీకైతే ఏం చెయ్యాలో తెలీదు. అందుకే నేను లారీ మీద ఆ పేరుని ఇంతలా చూస్తాను, అది మన కోసం కాదు, దాని గురించి ఏమీ తెలియకుండా దగ్గరికొచ్చే మనిషి కోసం.

డ్రైవర్లకి హజార్డస్ గూడ్స్ ట్రైనింగ్ అయ్యి లైసెన్స్ మీద ఎంట్రీ ఉంది, అది ఇప్పుడు 3 ఏళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాలి, నేను అడగ్గానే ఒక డ్రైవర్ తీసి చూపించాడు. శ్రీకాకుళం లోడ్‌ని ఎన్ఏడీ, మద్దిలపాలెం మీదుగా సిటీలోంచి తీసుకెళ్ళరు, అనకాపల్లి వైపు తిప్పి సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం బైపాస్‌లో వెళ్తారు. కిలోమీటర్లు పెరుగుతాయి, దానికి డబ్బులు కూడా వేస్తారు, మామూలు పార్సిల్ కన్నా మొత్తం మీద బాగానే ఎక్కువవుతుంది. నాకైతే న్యాయంగానే అనిపించింది.

గొడౌన్ గురించి ఒక మాట. యాసిడ్, కాస్టిక్ రాత్రికి ఉంచుతారు, విడివిడిగా, రెండిటికీ వేరే గట్లు కట్టి. థిన్నర్ మాత్రం ఉంచరు, పొద్దున్నే తెచ్చి నేరుగా బండిలోకి ఎక్కించాలి. క్లాస్ ఎ పెట్రోలియంకి, అంటే థిన్నర్ లాంటి ఇట్టే అంటుకునే సరుకుకి, సొంత వాడకానికైనా 30 లీటర్లు దాటితే చాలు లైసెన్స్ కావాలి, అలాంటిది డ్రమ్ములకి డ్రమ్ములు లైసెన్స్ లేని షెడ్డులో పెట్టడం కుదరదు. మాకు లేదు అని తిన్నగా చెప్పేశారు. థిన్నర్‌లో ఉండే టోలుయిన్ అనే ద్రావకం 4 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి ఇస్తుంది, మన మే నెలలో రేకుల షెడ్డు లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. కళాసీలకి గ్లౌజులు, కళ్ళద్దాలు ఇచ్చారు గానీ అందరూ పెట్టుకోవట్లేదు, ఓనర్ గారు ఇది కొంచెం చూడాలి.

ఖాళీ డ్రమ్ములు వెనక్కి తేవడానికి ఒప్పుకోరు. కెమికల్ అంటుకున్న ఖాళీ డ్రమ్ము 2016 వ్యర్థాల రూల్స్ ప్రకారం హజార్డస్ వేస్టే (ప్రమాదకర వ్యర్థం), పర్మిషన్ ఉన్న బండిలో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో రాసుండే మ్యానిఫెస్ట్ కాగితాలతో వెళ్ళాలి. కస్టమర్లు కొందరు దీనికి కోప్పడతారు, పాత ఇనుము వాడికి అమ్మేసుకుంటాం అంటారు. దయచేసి అమ్మకండి. ఆ డ్రమ్ములే కడిగి, తిరిగి ఎవరింట్లోనో నీళ్ళకి పెడుతున్నారు, నా కళ్ళతో చూశాను, పిల్లలు ఆ నీళ్ళే ముంచుకుని తాగుతున్నారు.

వెళ్ళేటప్పుడు డేటా షీట్, ఇన్‌వాయిస్, 50 వేలు దాటితే ఈ-వే బిల్లు పట్టుకెళ్ళండి, డ్రమ్ము మీద లేబుల్ చిరిగిపోయి ఉంటే ముందే అంటించుకోండి, అక్కడ అంటించనివ్వరు. ఓనర్ గారికి నాదొక రిక్వెస్ట్, ఫోన్‌కి ఒక మనిషిని పెట్టండి, అలాగే ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్ళే లోడ్లకి ఆ ట్రెమ్ కార్డు ఒడియాలో కూడా ఒకటి ప్రింట్ తీయించండి.