బరంపురంలో పాత కారు స్పీకరు: ఒక షాపుకి సున్నా, ఒక కొట్టుకి నాలుగు

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, అప్పడాల పిండి కలిపే చోట రెండూ. అప్పడాలు, ఊరగాయల వ్యాపారం నాన్నగారి నుంచి వచ్చింది. 1984 మోడల్ అంబాసిడర్ కూడా ఆయన నుంచే వచ్చింది. రెండింట్లో ఆయనకి ఏది ఎక్కువ ఇష్టమో మా అమ్మకి బాగా తెలుసు, కానీ పైకి అనేది కాదు.

ఆ కారులో రెండు గుబ్బలు, ఐదు మీటలు ఉన్న రేడియో ఉంది. మీడియం వేవ్ ఒక్కటే పలుకుతుంది. కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చింది కాదు. కారు కొన్న మరుసటి ఏడాది నాన్నగారు ఒక రేడియో మెకానిక్ చేత పెట్టించారు. ఆయన డాష్‌బోర్డు ఎడమ పక్క రేకుని గుండ్రంగా కోసి, లోపలి నుంచి అయిదంగుళాల స్పీకరు బిగించి, పైన చిల్లుల రేకు వేశాడు. విశాఖపట్నం 927, కటక్ 972. అంకెలు అటూ ఇటూ అయితే భాషే మారిపోయేది. ఇచ్ఛాపురం సరుకు వేసుకుని వెళ్ళేటప్పుడు నాన్నగారు 927 పెట్టేవారు, ఛత్రపురం వైపు వెళ్తే 972. కొట్టులో బేరం మొదలయ్యేలోపు ఆ భాష నోటికి రావాలని ఆయన లెక్క.

పోయిన వానాకాలం ఆ స్పీకరు గొంతు పోయింది. మొదట గరగర, తర్వాత ఎవరో ముక్కు పట్టుకుని వార్తలు చదువుతున్నట్టు, చివరికి ఏమీ లేదు. గోపాలపూర్ సముద్రం మాకు పదిహేను కిలోమీటర్లు. ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, స్పీకరులో మోగే కాగితం ఏం నిలుస్తుంది?

ముందు సున్నా మార్కుల షాపు సంగతి. పేరు చెప్పను. అద్దాల లైట్లు, సీటు కవర్లు, పెద్ద పెద్ద సౌండు బాక్సులు ఉండే కార్ డెకరేషన్ షాపు. అక్కడి కుర్రాడు ఏది అడిగినా ఒడియాలో "హెబొ ఆగ్యా, హెబొ" అన్నాడు, అంటే అవుతుందండీ, అవుతుంది అని. పాత రేడియో అలాగే ఉంచాలి అన్నాను, హెబొ. డాష్‌బోర్డు కోయకూడదు అన్నాను, హెబొ. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పవా అని అడిగితే మాత్రం నవ్వాడు.

పొడుగు స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద నుంచి చెయ్యి పెట్టాడు. ఇక్కడ ఒక మాట తెలిసి ఉండాలి. స్పీకరు వెనక ఉన్న అయస్కాంతం చిన్నదే కానీ దాని పట్టు చిన్నది కాదు. ఇనప స్క్రూడ్రైవర్ దగ్గరికి వెళ్ళగానే గుంజుకుంటుంది. చెయ్యి జారితే కొస వెళ్ళి కాగితంలో దిగుతుంది. అదే అయింది. "ఎలాగూ పోయిందే కదా" అన్నాడు కుర్రాడు. పాతదాన్ని చెత్త అట్టపెట్టెలో పారేసి, మధ్యలో సన్నటి స్వరాలు పలికే చిన్న ట్వీటర్ ఉన్న నాలుగంగుళాల కొత్త స్పీకరు తెచ్చి, ప్లైవుడ్ చట్రంలో పెట్టి బిగించాడు. స్పీకరు 1,800, కూలి 300.

పలికింది. గట్టిగానే పలికింది, కానీ రేకు డబ్బాలో చిల్లర పోసి ఊపినట్టుంది. పరవాలేదులే, అలవాటవుతుంది అనుకుని ఆ ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని చిలకా సరస్సు చూద్దామని బయల్దేరాను. హుమ్మా ఉప్పుమళ్ళు దాటేసరికి ముక్కుకి ఏదో కాలుతున్న వాసన. రంభలో ఆపి రేడియో వెనక చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెని ముట్టుకున్నట్టుంది. మా ఆవిడ వెంటనే పిల్లల్ని దింపేసింది. చిలకా చూశాం కానీ ఎవరికీ మనసు దాని మీద లేదు.

మర్నాడు షాపుకి వెళ్ళి చెబితే, రేడియో ముసలిదయిపోయింది, ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించుకోండి, దానికి డాష్‌బోర్డు కొంచెం కోస్తే చాలు అన్నారు. నేను మాట్లాడకుండా ఆ అట్టపెట్టెలోంచి నా పాత స్పీకరు ఏరుకుని వచ్చేశాను. నాలుగు రోజులయినా అది ఇంకా అందులోనే ఉంది. ఆ షాపులో నాకు జరిగిన ఒకే ఒక్క మంచి అది.

పెద్ద బజారు దగ్గర సందులో స్పీకర్లకి కాగితం మార్చే పెద్దాయన ఉన్నారని మా కొట్టుకి నూనె వేసే అతను చెప్పాడు. బోర్డు లేదు. గుమ్మం పక్కన కాగితం లేని పెద్ద బాక్సు స్పీకర్ల చట్రాలు అరిసెల మూకుళ్ళలా పేర్చి ఉంటాయి, అదే గుర్తు. ఆయన స్పీకరు చేతిలోకి తీసుకుని ముందు అడిగింది ఇది:

"రేడియో ఏదీ బాబూ? నోరొక్కటే తెస్తే సరా, మనిషిని తేవాల కదా."

రేడియో కారులోనే ఉందన్నాను. అయితే దాని వెనక చీటీ మీద ఏటుందో చూసుకుని రమ్మన్నారు. ఇంటికి వచ్చి వెల్లకిలా పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని చూశాను. 8 ఓమ్స్. స్పీకరు కరెంటుని ఎంత అడ్డుకోవాలో చెప్పే అంకె అది. కొత్త స్పీకరు వెనక చూస్తే 4 ఓమ్స్. పెద్దాయన లెక్క చెప్పారు: సగం ఓమ్స్ పెడితే అదే వాల్యూమ్ దగ్గర కరెంటు దాదాపు రెట్టింపు లాగుతుంది. ఎనిమిదికని కట్టిన రేడియోలో స్పీకరుకి కరెంటు తోసే ట్రాన్సిస్టర్ ఆ బరువు మొయ్యలేక వేడెక్కుతుంది. ఇంకో గంట నడిచి ఉంటే రేడియో చచ్చేదట. దీనికి రివర్సులో అయితే ప్రాణభయం లేదు. 4 ఓమ్స్ రేడియోకి 8 ఓమ్స్ స్పీకరు పెడితే కాస్త మెల్లగా పలుకుతుందంతే.

ముల్లు మీటరుతో పాత స్పీకరు చూశారు. ముల్లు కదల్లేదు, అంటే లోపలి తీగ చుట్ట తెగింది. మంచి 8 ఓమ్స్ స్పీకరు మీటరులో చూస్తే ఎనిమిది చూపించదని, ఆరున్నర, ఏడు దగ్గర ఆగుతుందని అప్పుడే తెలిసింది. ఈ మాట తెలియక బాగున్న స్పీకర్లు పారేసేవాళ్ళు చాలామంది ఉన్నారట.

ఆ తర్వాత గంటన్నర కదలకుండా కూర్చుని చూశాను. నాకు కొట్టు తెరవాల్సిన టైము దాటిపోయింది. థిన్నర్‌తో తడిపి పాత కాగితం, దాని వెనక ముడతల గుడ్డ ఊడదీశారు. అయస్కాంతం మధ్య సన్నటి గాడి ఉంటుంది, అందులో తుప్పు, ఇనప రజను. మా కారు కాబట్టి కొంచెం అప్పడాల పిండి కూడా. అంటించే టేపుని మడిచి గాడిలో దూర్చి తిప్పి తిప్పి ఆ రజను లాగారు. కొత్త చుట్ట దింపి, అది గాడికి సరిగ్గా మధ్యలో నిలవడానికి పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు సన్నగా కత్తిరించి చుట్టూ దోపారు. ఎవరిదో మోకాలు అది. జిగురు రాసి, కాగితం దింపి, మర్నాడు దాకా ఆరబెట్టారు. మర్నాడు ఫిల్ము ముక్కలు లాగేసి, నడుమ టోపీ అంటించేముందు నాలుగు వేళ్ళతో కాగితాన్ని మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఎక్కడా రాసుకుంటున్న చప్పుడు లేదు. చివరికి టార్చిలో వేసే సెల్లు తీగలకి తాకించారు. టప్‌మని కాగితం ముందుకు వచ్చింది. అలా ముందుకు వస్తే సెల్లు ప్లస్ తగిలిన వైపు స్పీకరు ప్లస్ అని ఎర్ర చుక్క పెట్టారు. మొత్తం 350 రూపాయలు.

నేను కూర్చున్నప్పుడే జీపు ఆయన ఒకరు వచ్చారు. కొత్త స్టీరియో పెట్టగానే కాలిపోయిందని గోల. పెద్దాయన తల కూడా ఎత్తకుండా "పాత వైరే వాడినావా?" అని అడిగారు. పాత బళ్ళలో చాలాచోట్ల స్పీకరు రెండు తీగల్లో ఒకదాన్ని బాడీ రేకుకి కలిపేసేవారు. ఇప్పటి స్టీరియోలకి స్పీకరు రెండు తీగలూ స్టీరియో నుంచే రావాలి, ఏదీ రేకుని తాకకూడదు. జీపు ఆయన మౌనంగా కూర్చున్నారు.

బిగించడం మాత్రం నేనే చేసుకున్నాను. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాను. డాష్‌బోర్డు రంగు గీసుకోకుండా చిల్లుల రేకు చుట్టూ కాగితం టేపు వేశాను. ముందు సీటు మీద వీపు ఆనించి, కాళ్ళు పైకి పెట్టి, తల పెడళ్ళ పక్కన. ఈ వయసులో ఆ భంగిమ చూసి మా అబ్బాయి ఫోటో తీశాడు. స్క్రూడ్రైవర్ జోలికి వెళ్ళకుండా నట్లు వేళ్ళతో ఎక్కించి, చివర మాత్రం పొట్టి పానాతో ఒక్కో మలుపు, ఎదురెదురుగా. ఒకే పక్క బిగిస్తే చట్రం వంగి చుట్ట గాడికి రాసుకుంటుందని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. చట్రానికీ రేకుకీ మధ్య సన్నటి ఫోము పట్టీ వేశాను, లేకపోతే రేకు కూడా పాడుతుంది.

చిల్లుల రేకు వెనక పాత గుడ్డ చివికిపోయింది. మా ఆవిడ పాడైన గొడుగు గుడ్డ ఇచ్చింది. నోటి దగ్గర పెట్టి ఊదితే అవతలికి గాలి పోలేదు. గాలి పోని గుడ్డలోంచి సన్నటి స్వరాలు కూడా సరిగ్గా పోవు. దోమతెర ముక్క రెండు మడతలు వేస్తే సరిపోయింది.

ఇప్పుడు పెద్దాయన కొట్టు మీద నా ఫిర్యాదులు. రేపు అంటే ఎల్లుండి అని అర్థం. బిల్లు లేదు, ఫోను ఎత్తరు, యూపీఐ లేదు. వానలో వెళ్తే నిలబడటానికి చోటు లేదు. తెచ్చిన వస్తువు మీద పేరు రాయరు. ఏది ఎవరిదో అంతా ఆయన తలలోనే ఉంటుంది, ఆ తలకి డెబ్భై దాటాయి. కాబట్టి మీ స్పీకరు మీద మీరే రంగుతో గుర్తు పెట్టుకోండి. ఠాకురాణి జాతర ఏడాది అయితే ఆ నెలలో అసలు వెళ్ళకండి. రెండేళ్ళకోసారి వచ్చే పండగ, ఊళ్ళో పగిలిన డీజే స్పీకర్లన్నీ అక్కడే ఉంటాయి, మన అయిదంగుళాలది ఎవరికి కావాలి? ఐదు మార్కులు ఇవ్వాలనే ఉంది, కానీ నన్ను మూడుసార్లు తిప్పినందుకు ఒకటి తగ్గిస్తున్నాను.

1,800 పెట్టిన కొత్త స్పీకరు బల్ల సొరుగులో ఉంది. అది మంచిదే, దానికి తగిన స్టీరియో దొరికితే పలుకుతుంది. నేరం దానిది కాదు, ఓమ్స్ చూడకుండా బిగించినవాడిది.

రేడియో ఎలా ఉందంటారా. చీకటి పడ్డాక మీడియం వేవ్ దూరం పట్టుతుంది కదా, రాత్రి ఎనిమిదింటికి ఇంటి ముందే కారులో కూర్చుని గుబ్బ తిప్పాను. రేకు డబ్బా మోత పోయింది. పాత లావు గొంతు, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడినట్టు. ఇంజను స్టార్ట్ చేస్తే మాత్రం టిక్ టిక్ టిక్ అని వస్తోంది, యాక్సిలేటర్ నొక్కితే ఇంకా జోరుగా. స్పీకరు పోయి ఉన్నన్నాళ్ళూ అది వినపడలేదు. పెద్దాయన్ని అడిగితే అది తన పని కాదట, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి, ఆ టిక్ టిక్ అణిచే కండెన్సర్ వేయించుకోవాలట. ఎవరి దగ్గర వేయించాలని అడిగాను. ఆలోచించి, రేపు చెబుతానన్నారు.