డెస్క్‌టాప్‌కు ఫోన్ హెడ్‌సెట్: రెండేళ్లు వై కేబుల్ వాడాక

ఈ వై స్ప్లిటర్ కేబుల్ (ఫోన్ హెడ్‌సెట్ ఒకే పిన్‌ను మైక్‌కొకటి, స్పీకర్‌కొకటి అని రెండు పిన్నులుగా విడదీసే చిన్న తీగ) కొని రెండేళ్లు దాటింది. నల్గొండలో ఇంటి నుంచే టెన్త్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను కాబట్టి సాయంత్రమైతే హెడ్‌సెట్ తల మీదే ఉంటుంది. దానిది ఫోన్‌కు పెట్టే 3.5 మిల్లీమీటర్ల ఒకే పిన్, మూడు నల్ల గీతలది. డెస్క్‌టాప్‌కేమో గులాబీ రంగు పోర్ట్ మైక్‌కు, ఆకుపచ్చది స్పీకర్‌కు. నేరుగా ఆకుపచ్చ దాంట్లో పెడితే పిల్లల మాట మనకు వినబడుతుంది, మన మాట వాళ్లకు పోదు, "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నరు" అని గోల.

కేబుల్ చవకే, వందకు అటూ ఇటూ, కానీ సరైనది ఏరుకోవడమే తిప్పలు. హెడ్‌సెట్ వైపు ఒక రంధ్రం, కంప్యూటర్ వైపు రెండు పిన్నులు, ఒకదాని మీద మైక్ బొమ్మ, ఇంకోదాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ ఉండాలి. రెండు రంధ్రాలు, ఒక పిన్ ఉన్నదైతే అది ఇద్దరు కలిసి పాటలు వినడానికో, రెండు పిన్నుల హెడ్‌సెట్‌ను ఫోన్‌కు పెట్టడానికో. ఇక్కడి గడియారం సెంటర్ దగ్గరైనా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనైనా "అన్నీ ఒకటే అన్నా, తీస్కపో" అంటారు, నమ్మొద్దు. బాగా పాత ఫోన్‌తో వచ్చిన హెడ్‌సెట్ అయితే అందులో మైక్, గ్రౌండ్ తీగలు అటుదిటు ఉండే అవకాశం ఉంది, అప్పుడు మంచి కేబుల్ పెట్టినా మైక్ పలకదు.

మైక్ నాణ్యత? పాఠానికి చాలు, యూట్యూబ్ వీడియోలకు చాలదు. గొంతు చిన్నగా వస్తోందని కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్ బూస్ట్ (మైక్ శబ్దాన్ని పెంచేది) 30 డెసిబెల్స్ పెట్టారో, మాటతోపాటు సుయ్‌మనే శబ్దం కూడా పెరుగుతుంది, 10 దగ్గర ఆపి మైక్‌ను మూతికి దగ్గరగా జరుపుకోండి. క్యాబినెట్ ముందు పోర్టులకన్నా వెనకవి నయం, ఎందుకంటే అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందు వాటి తీగ క్యాబినెట్ లోపలంతా తిరిగి వస్తూ చప్పుడు పట్టుకుంటుంది. మాది పాత ఇల్లు, ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత ఎండిందంటే హెడ్‌సెట్‌లో గుయ్‌మంటుంది, రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలావరకు తగ్గుతుంది (కరెంటు మేస్త్రి చెప్పిందే).

అప్పటికీ తగ్గకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు (యూఎస్‌బీ పోర్ట్‌కు పెట్టి, హెడ్‌సెట్‌ను దానికి తగిలించేది) తీసుకోండి, పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, విడిగా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసే గొడవ కూడా ఉండదు. మీది ఒకే పోర్ట్, దాని పక్కన హెడ్‌సెట్ బొమ్మ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ కొనకండి, పిన్ నేరుగా పెట్టేయండి.