జింకల కోసం చలి తట్టుకునే ఆపిల్ చెట్లు: ఏళ్లు గడిచాక నా లెక్క

జింకల కోసం ఆపిల్ వేద్దామనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది, "జింకలకి ఏ రకం ఇష్టం?" అని. అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో ఇన్నేళ్లు ఈ చెట్లతో గడిపాక నేను చెప్పగలిగేది ఇది: నేల మీద పడ్డ ఆపిల్ ఏదైనా తెల్లతోక జింక తినేస్తుంది. పుల్లదైనా, మచ్చలున్నా, పురుగు తొలిచినా వంక పెట్టదు. కాబట్టి రుచి సంగతి వదిలేసి రెండే చూడాలి. చెట్టు మన చలికి నిలుస్తుందా? కాయ ఏ నెలలో రాలుతుంది?

చలి సంగతి ముందు. అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి చేసిన విభజనలో మాది జోన్ 3. అంటే శీతాకాలంలో అతి తక్కువ ఉష్ణోగ్రత సగటున మైనస్ 30 నుంచి మైనస్ 40 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య. మైనస్ 40 దగ్గర ఫారన్‌హీట్, సెల్సియస్ రెండూ ఒకటే, మార్చి చూసుకునే పని కూడా ఉండదు. ఇక్కడ చాలామంది రకం పేరు చూసి కొంటారు గానీ, అంటు దేని మీద కట్టారో చూడరు. పైన ఎంత గట్టి రకం ఉన్నా కింద రూట్‌స్టాక్, అంటే అంటు కట్టిన వేరు మొక్క, చలికి ఆగకపోతే చెట్టు దక్కదు. పెద్ద షాపుల్లో దొరికే మొక్కలకు చాలాసార్లు 'సెమీ డ్వార్ఫ్' (మధ్యస్థ ఎత్తు) అని మాత్రమే చీటీ ఉంటుంది, రూట్‌స్టాక్ పేరు ఉండదు. పేరు చెప్పని చోట నేను కొనను.

నా దగ్గర బాగా నిలిచిన రూట్‌స్టాక్‌లు రెండు: ఆంటనోవ్కా, బుడగోవ్‌స్కీ 118. రెండూ రష్యా నుంచి వచ్చినవే. ఆంటనోవ్కా గింజ మొలకల మీద కట్టిన చెట్టు పూర్తి ఎత్తు పెరుగుతుంది, వేరు లోతుకి దిగుతుంది, గాలికి ఊగదు. కాకపోతే కాపుకు రావడానికి బాగా ఓపిక పట్టాలి. బుడగోవ్‌స్కీ 118 దానికన్నా కొంచెం చిన్న చెట్టు, కాపు ముందే మొదలవుతుంది. చెట్టుని పొట్టిగా ఉంచే రూట్‌స్టాక్‌లు జింకల తోటకి అసలు పనికిరావు. కొమ్మలన్నీ వాటి నోటికి అందుతాయి, కాయలకన్నా ముందు చెట్టే అయిపోతుంది. మొదటి కొమ్మ ఆరడుగుల ఎత్తులో ఉండేలా కింది కొమ్మలు ఏటా కొన్ని చొప్పున తీసేస్తూ వస్తాను.

ఇక రకాలు. ముందుగా రాలేది డోల్గో. దీని గింజలు 1897లో రష్యా నుంచి తెచ్చింది దక్షిణ డకోటాకి చెందిన నీల్స్ హాన్సెన్. ఎర్ర క్రాబ్ ఆపిల్ (చిన్న కాయల ఆపిల్), మహా పులుపు, కాపు మాత్రం విపరీతం. చలికి దీనికి ఎదురులేదు. వసంతంలో ముందే విరగబూస్తుంది కాబట్టి, తొందరగా పూసే మిగతా ఆపిళ్ల పరాగ సంపర్కానికీ పనికొస్తుంది. ఆపిల్‌కి పక్కన వేరే రకం ఉండాలి, ఒకే రకం పది మొక్కలు వేసినా లాభం లేదు. డోల్గోతో నా ఫిర్యాదు ఒక్కటే. కాయంతా ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో రాలిపోతుంది. జింకల్ని చూడాలనుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది. నవంబరులో వేటకి కూర్చునేవాళ్లకి అప్పటికి చెట్టు కింద ఏమీ మిగలదు.

చెస్ట్‌నట్ క్రాబ్ సెప్టెంబరులో వస్తుంది. 1946లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకం. ఇది మనుషులకే ఇంత బాగుంటే జింకలకి ఎందుకు వదలాలి అనిపిస్తుంది, సగం మేమే కోసుకుంటాం.

అక్టోబరుకి నా నమ్మకం హారల్‌సన్ మీద. 1922 నుంచి ఉన్న పాత రకం. కాయ గట్టిగా పట్టుకుని ఉంటుంది, నెమ్మదిగా కొన్ని కొన్ని రాలుస్తుంది. జింకలు రోజూ వచ్చి వెతుక్కునేది ఇలాంటి చెట్టు కిందే. దీనికున్న జబ్బు ఏడాది విడిచి ఏడాది కాయడం. ఒక ఏడు కొమ్మలు విరిగేలా కాసి, మరుసటి ఏడు చేతులెత్తేస్తుంది. అందుకే హారల్‌సన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా పక్కన ఫ్రాస్ట్‌బైట్ పెట్టాను. ఇది 2008లో బయటికి వచ్చింది గానీ, అంతకు చాలా ముందు నుంచీ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కొత్త రకాల తయారీకి తల్లిచెట్టుగా వాడుతూనే ఉన్నారు. చిన్న కాయ, ముదురు రంగు, కొరికితే చెరకు రసం లాంటి ఘాటైన తీపి. చలికి చాలా గట్టిది.

నవంబరు దాటాక కూడా చెట్టు మీద కాయ కావాలంటే కెర్. కెనడాలో మానిటోబాలోని మోర్డెన్‌లో డోల్గోని, హారల్‌సన్‌ని కలిపి తయారుచేశారు. తల్లిదండ్రులిద్దరూ పైన చెప్పుకున్నవాళ్లే. కాయలు మంచు పడ్డా కొమ్మలకి వేలాడుతూ ఉంటాయి, మెత్తబడి ఒక్కొక్కటిగా రాలుతాయి. నా తోటలో ఒకే ఒక్క రకం ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. పక్షులు కూడా దీని కోసం కాచుకుని ఉంటాయి, వాటి వాటా పోగా మిగిలిందే జింకలకి.

హనీక్రిస్ప్ ఎందుకు వేయలేదని అడుగుతుంటారు. 1991లో వచ్చిన గొప్ప రకమే, కాదనను. కానీ దానికి సేవ ఎక్కువ కావాలి. ఆకులు పచ్చబడటం, కాయ మీద చేదు గుంటలు, ఈ టెన్షన్లన్నీ జింక మేత కోసం ఎవరు పడతారు? అడవి అంచున మందు కొట్టకుండా పెంచే చెట్టుకి స్కాబ్ (మచ్చ తెగులు), ఫైర్ బ్లైట్ (కొమ్మలు మాడ్చే తెగులు) తట్టుకునే గుణం ముఖ్యం.

ఎంత మంచి రకమైనా, బయట కంచె లేకపోతే మొదటి శీతాకాలంలోనే జింకలు చిగుళ్లన్నీ కొరికేస్తాయి, మగవి కొమ్ములతో బెరడు ఒలిచేస్తాయి. ఐదడుగుల ఎత్తు వెల్డెడ్ మెష్‌ని చెట్టు చుట్టూ నాలుగైదడుగుల వెడల్పు గుండ్రంగా కట్టాలి. మంచు పేరుకున్నప్పుడు జింక ఆ మంచు మీద నిలబడి ఇంకా పైకి అందుకుంటుంది, అది లెక్కలో పెట్టుకోవాలి. కాండం మొదట్లో పావు అంగుళం కన్నాల సన్న జాలి, కొంత మట్టిలోకి దింపి చుట్టాలి, లేకపోతే మంచు కింద తిరిగే వోల్ ఎలుకలు బెరడుని చుట్టూతా కొరికేస్తాయి. మార్చిలో మంచు కరిగాక గానీ ఆ సంగతి తెలియదు. చెట్టు నోటికి అందనంత పెరిగాక కూడా కంచె తీయడానికి నేను తొందరపడను.

ఓక్ (సింధూర) చెట్లు విరివిగా కాసిన ఏడు జింకలు ఆపిల్‌ని పెద్దగా పట్టించుకోవు, అడవిలో ఆ కాయల దగ్గరే ఉంటాయి. దానికి రకం ఏం చేయదు, రైతు ఏం చేయడు. ఎలుగుబంట్ల విషయం మాత్రం కొత్తవాళ్లు ముందే తెలుసుకోవాలి. సెప్టెంబరులో చెట్టెక్కి కొమ్మలు విరిచి మరీ తింటాయి. ఆంటనోవ్కా మీది పెద్ద చెట్లు దాన్నుంచి కోలుకున్నాయి, లేత చెట్లు కోలుకోలేదు.

వేటాడేవాళ్లకి ఇంకో మాట. మిన్నెసోటాలో జింకకి మేత పోసి వేటాడటం నేరం. చెట్టు నుంచి దానంతట అది రాలిన కాయ మేత కిందికి రాదు. అదే కాయల్ని బుట్టలో ఏరి మంచె ముందు పోస్తే వస్తుంది. మిగిలిన ఆపిల్ బస్తాలు తెచ్చి పోసేవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను. పక్క రాష్ట్రాల్లో ఈ రూల్స్ వేరుగా ఉండొచ్చు, ఏటా మారొచ్చు కూడా, సీజన్ ముందు ఆ ఏడాది వేట నిబంధనలు ఒకసారి చదువుకోవాలి.