పాత సేద్యపు పనిముట్లు, బుల్లి యంత్రాలు: హైదరాబాద్‌లో ఒక సేకరణ యాత్ర

పాత సేద్యపు పనిముట్లు సేకరించేవారు హైదరాబాద్ వెళ్లదలచుకుంటే, అక్కడ ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందని ఆరా తీయడానికి ముందే, ఆ వస్తువు అన్ని భాగాలతో నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో కళ్లారా చూసి ఉండడం అవసరమని నా అభిప్రాయం. నగరంలోని పాత సామాను బజారుకు చేరేసరికి నాగలి నాగలిగా మిగలదు. కొయ్య భాగం పల్లెలోనే పొయ్యిలోకో చెదలకో పోతుంది. నేలను దున్నే ఇనుప మొన అయిన కర్రు మాత్రం తుక్కు ఇనుముతో కలిసి తూకం మీద నగరానికి వస్తుంది. సాళ్లు తీసి విత్తనం వేసే గొర్రు పళ్లకు తొడిగే ఇనుప మొనలు ఒక కుప్పలో, బండి చక్రపు పట్టా ఒక గోడ వారన, కాడి మరో దుకాణంలో అలంకార వస్తువుగా కనిపిస్తాయి. వీటిలో ఏది దేనికి చెందిందో పోల్చుకోగలిగినవారికే ఈ నగరం మంచి సేకరణ స్థలం అవుతుంది. అందుకే కర్నూలు నుంచి బయలుదేరినప్పుడే, బజార్ల కంటే ముందు శిల్పారామం చూడాలని నిర్ణయించుకున్నాను.

మకాం గురించి ముందుగా చెప్పడం మంచిది, ఎందుకంటే మనవంటి యాత్రికుల అవసరాలు వేరు. హైటెక్ సిటీ వైపు హోటళ్లు సౌకర్యంగా ఉంటాయి కానీ పాత సామాను బజార్లకు దూరం, అద్దె కూడా ఎక్కువ. నాంపల్లి, కాచిగూడ ప్రాంతాల లాడ్జీలు సాదాగా ఉన్నా, బజారు నుంచి ఆటోలో సామాను తెచ్చుకోవడానికి అనువుగా ఉంటాయి. గది తీసుకునేటప్పుడే తుప్పుపట్టిన ఇనుము వెంట ఉంటుందని చెప్పి ఒప్పించుకోవాలి. నాంపల్లిలో నేను దిగిన ఒక లాడ్జీలో గోనెసంచిని మెట్లెక్కనివ్వలేదు. అందువల్ల కాచిగూడ దగ్గరి మరో లాడ్జీకి మారాను. అక్కడి మేనేజరు మెట్ల కింద ఉన్న చిన్న అరను ఇచ్చి, తాళం కూడా నా చేతికే ఇచ్చారు. గదిలో వేడినీళ్లు ఉదయం పూట మాత్రమే వచ్చేవి, మంచం కూడా అంత బాగా లేదు, అయినా ఆ అర ఒక్కటి చాలు నేను మళ్లీ అక్కడే దిగడానికి. రైల్వే స్టేషన్ల సామాను గదిలో పెట్టవచ్చు కదా అని కొందరు అంటారు. అక్కడ తాళం వేసిన పెట్టెలనే తీసుకుంటారు కాబట్టి గోనెసంచి మూటలకు ఆ సదుపాయం పనికిరాదు.

మాదాపూర్‌లోని శిల్పారామం 1992లో ఏర్పాటైంది. మెట్రోలో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. లోపల ఉన్న గ్రామీణ మ్యూజియంలో మట్టి గోడల ఇళ్లు, వాటి ముందు తమ తమ పనుల్లో ఉన్న చేతివృత్తులవారి నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. పనిముట్టును గాజు పెట్టెలో పెట్టకుండా మనిషి చేతికి ఇచ్చి చూపించడం ఈ మ్యూజియంలో నాకు నచ్చిన గుణం. వస్తువును ఎక్కడ పట్టుకుంటారు, బరువు ఎటు పడుతుంది, పని చేసే మనిషి ఎంత వంగాలి అన్నవి ఒక్క చూపులో తెలుస్తాయి. సెలవు రోజుల్లో జనం ఎక్కువగా ఉంటారు కాబట్టి, తీరికగా చూడదలచుకున్నవారు మామూలు రోజున తలుపులు తీసే వేళకే వెళ్లడం మేలు.

ఇక జుమేరాత్ బజారు. పురానాపూల్ దగ్గర, బేగంబజారుకు ఆనుకుని, పేరుకు తగ్గట్టు గురువారం నాడు ఈ సంత జరుగుతుంది. తెల్లవారుజామునే చేరుకున్నవారికి మంచి వస్తువులు దొరుకుతాయి. పొద్దెక్కేసరికి దుకాణదారులే ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుని ధరలు పెంచేస్తారు. పాత తాళాలు, గడియారాలు, ఇత్తడి గిన్నెలు, కుట్టుమిషన్ భాగాల మధ్య సేద్యపు వస్తువులు చెల్లాచెదురుగా ఉంటాయి. వాటికంటూ ప్రత్యేకమైన వరుస ఏదీ లేదు. నేలమీద పరిచిన ప్రతి గుడ్డ దగ్గరా వంగి చూడవలసిందే.

ఇక్కడ కర్రులు ఎక్కువగా దొరుకుతాయి. కర్రును ఎంచుకునేటప్పుడు కొత్తదానిలా పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉన్నదాన్ని కాక, అరిగి పొట్టిదైనదాన్ని చూడమని చెబుతాను. మొన అరిగిన కొద్దీ రైతు దాన్ని కమ్మరి కొలిమికి తీసుకువెళ్లి కాల్చి సాగగొట్టించుకుంటాడు. అలా పలుమార్లు కొలిమికి వెళ్లి వచ్చిన కర్రు మీద సుత్తి దెబ్బల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, మొన ఒక పక్కకు కొద్దిగా ఎక్కువ అరిగి ఉంటుంది. కొడవళ్లలో కక్కు పెట్టించినవాటికీ ఇదే లెక్క. పళ్లు సమంగా, పదునుగా ఉన్నవి ఇటీవలివి. నడుమ పళ్లు అరిగిపోయి, పిడి దగ్గర మాత్రం మిగిలి ఉన్నవి కోతల్లో తిరిగినవి.

ఆ రోజు నాకు దొరికిన అపురూపమైన వస్తువు జడ్డిగం. గొర్రు మీద నిలబెట్టే కొయ్య గిన్నె అది. గొర్రు పళ్లు సాళ్లు తీస్తూ పోతుంటే, వెనుక నడిచే స్త్రీ పిడికిట్లోని గింజలను వేళ్ల సందుల నుంచి ఈ గిన్నెలోకి వదులుతుంది. అడుగున ఉన్న రంధ్రాల నుంచి వెదురు గొట్టాల ద్వారా గింజలు ఒక్కో సాలులోకి జారతాయి. మొలక పలచన కావడం, ఒత్తు కావడం ఆమె చేతివాటం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఊళ్లో మంచి చేతివాటం ఉన్నవారిని పిలిపించుకుని మరీ విత్తనం వేయించేవారు. నేను చూసిన జడ్డిగం కొవ్వొత్తులు నిలబెట్టే దిమ్మల మధ్య ఉంది. అంచు చిట్లింది. కానీ గిన్నె లోపల, మూడు రంధ్రాల దగ్గర కొయ్య అద్దంలా నునుపెక్కి ఉంది; బయట గరుకుగా ఉన్న అదే చెక్క, గింజ జారిన దారిలో మాత్రం తేనె రంగుకు తిరిగింది. ఒక రంధ్రం మిగతా రెండింటికంటే వెడల్పుగా అరిగింది. దుకాణదారు ఆరు వందలు చెప్పి, "గిసుంటిది ఇప్పుడు దొర్కది సార్, పాత సామాన్ ఇది" అన్నాడు. అది దేనికి వాడేదో ఆయనకు తెలియదు, నేను చెబితే శ్రద్ధగా విన్నాడు. మూడు వందల యాభైకి ఇచ్చాడు. ఇటువంటివి వస్తే పక్కన పెడతానని కూడా అన్నాడు.

కొనే వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం, చెప్పలేనివారి దగ్గర కొనకపోవడం మనకు క్షేమం. చెక్కడపు పని ఉన్న కొయ్య దూలాలు, లోహ విగ్రహాలు వంటివి నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. మామూలు నాగళ్లకు, కొడవళ్లకు ఆ చిక్కు సాధారణంగా రాకపోయినా, రథపు చెక్కలు, ఆలయపు కొయ్యలు "పాత బండి సామాను" పేరుతో అమ్మకానికి వచ్చినప్పుడు దూరంగా ఉండడమే మంచిది.

ఎర్రగడ్డ ఆదివారం సంత తుక్కు సామానుకు పెద్ద చోటు. మెట్రో స్టేషన్ పక్కనే కాబట్టి వెళ్లడం తేలిక, కానీ సేద్యపు పనిముట్ల కోసమైతే ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు. చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్ వైపు దుకాణాల్లో ఇత్తడి కొలపాత్రలు దొరుకుతాయి. ధర ఎక్కువే అయినా, గిద్ద, సోల, తవ్వ, మానిక ఒకే చేతి పనిగా వరుసగా దొరికితే తీసుకోవచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్కను అక్కడే బియ్యంతో కొలిచి సరిచూసుకోవాలి. వేర్వేరు ఇళ్ల పాత్రలను ఒక జతగా కలిపి అమ్మడం పరిపాటి.

బుల్లి యంత్రాల, అంటే ట్రాక్టర్ల వంటివాటి చిన్న నమూనాల, విషయానికి వస్తే, బేగంబజారు టోకు బొమ్మల దుకాణాల్లో మన దేశంలో తయారైన ప్లాస్టిక్ ట్రాక్టర్లు, ట్రాలీలు చవకగా దొరుకుతాయి. సెంటీ సంస్థ చేసే బొమ్మ ట్రాక్టర్లు పిల్లలు ఆడుకునేవే అయినా, మన రోడ్ల మీద తిరిగే బండ్ల రూపురేఖలు వాటిలో బాగానే దిగాయి. లోహంతో పోతపోసిన నమూనాలు ఎక్కువగా విదేశాలవి. జర్మనీ సికు, ఇంగ్లండ్ బ్రిటన్స్ సంస్థలవి చాలావరకు 1:32 నిష్పత్తిలో ఉంటాయి. 1945లో అమెరికాలోని అయోవాలో మొదలైన ఎర్ట్‌ల్ సంస్థ 1:16, 1:64 నిష్పత్తులకు పేరు పడింది. మూడున్నర గజాల ట్రాక్టరు 1:32లో సుమారు పది సెంటీమీటర్లు అవుతుంది, అరలో పెట్టుకోవడానికి అదే అనువైన కొలత. నగరంలోని పెద్ద మాల్స్ బొమ్మల దుకాణాల్లో ఇవి అప్పుడప్పుడు కనిపిస్తాయి కానీ ఎంచుకునేంత సరుకు ఉండదు.

నాకున్న బాధల్లా మన ట్రాక్టర్ల నమూనాలు దొరకకపోవడమే. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ సంస్థ తొలి భారతీయ ట్రాక్టరును బయటికి తెచ్చింది. చెక్ దేశపు జెటోర్ సహకారంతో 1971లో హెచ్‌ఎంటీ ట్రాక్టర్లు వచ్చాయి. దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధనాలయంలో రూపుదిద్దుకున్న స్వరాజ్ 1974లో పొలాల్లోకి దిగింది. తెలుగు పల్లెల్లో దుక్కి పద్ధతిని మార్చిన బండ్లు ఇవి. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీని 2016లో మూసివేశారు కూడా. అయోవా మొక్కజొన్న పొలాల్లో తిరిగిన ప్రతి యంత్రానికీ బుల్లి నమూనా ఉండగా, మా నాయన తోలిన హెచ్‌ఎంటీకి లేదు. మాసే ఫెర్గూసన్ 35 నమూనా మాత్రం విదేశీ సంస్థలు చేస్తున్నాయి. మన దగ్గర తిరిగిన 1035 ఆ కుటుంబానిదే కాబట్టి దాన్ని తెప్పించుకోవచ్చు.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు శిల్పారామం అంగళ్లలో, గోల్కొండ హస్తకళల దుకాణాల్లో ఉంటాయి. తేలికైన పొణికి కర్రతో చేసిన ఎడ్లబండి, నాగలి దున్నే రైతు ఎంతో ముచ్చటగా ఉంటాయి. అవి కళాకారుడి చూపుతో చేసినవి, కొలతతో చేసినవి కావు కాబట్టి, పనిముట్టు నిర్మాణం తెలుసుకోవడానికి వాటిని ఆధారంగా తీసుకోకూడదు. అలంకారానికి మాత్రం వాటికి మించినవి లేవు. సాలార్‌జంగ్ మ్యూజియం బాలల విభాగంలో పాతకాలపు విదేశీ బొమ్మలు ఉన్నాయి. లోహపు బొమ్మల పనితనం ఎలా ఉండేదో చూడాలంటే ఒక పూట కేటాయించవచ్చు.

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మజిలీ నగరంలో లేదు. చేవెళ్ల దారిలోని ఒక ఊళ్లో, బండ్ల పని తగ్గిపోయి ద్వారబంధాలు చేసుకుంటున్న ఒక వడ్రంగి ఉన్నారని తెలిసి వెళ్లాను. నా దగ్గర ఉన్న జడ్డిగాన్ని ఆయన చేతిలో తిప్పి చూసి, అది మూడు సాళ్ల గొర్రుదని, రంధ్రం వెడల్పయిన వైపు ఎత్తైన గట్టు ఉండి ఉంటుందని అన్నారు. నిండు గొర్రును ఎనిమిదో వంతు కొలతతో చేసి ఇస్తారా అని అడిగితే ఒప్పుకున్నారు. ఎనిమిది అడుగుల కొయ్య ఒక అడుగవుతుంది. పలుపుల ముడులు కూడా సన్నని నూలు తాడుతో వేయవచ్చు. అసలు ఇనుము, దాని పక్కన అదే పనిముట్టు నిండు రూపంలో ఒక చిన్న నమూనా ఉంటే, కొయ్య పోయిన వస్తువు కూడా చూసేవారికి పూర్తిగా అర్థమవుతుంది. పాత పనిముట్ల సేకరణ, బుల్లి నమూనాల సేకరణ వేర్వేరు అభిరుచులు కావని నేను గట్టిగా నమ్మేది ఇందుకే. ఆయన తన ఇంటి అటక మీది గుంటకను, అంటే దున్నిన నేలలో కలుపు కోసే పనిముట్టును, అమ్మారు కానీ నాగలిని అమ్మలేదు. ఏరువాక పున్నమికి ఇంకా దానికి బొట్టు పెడతారట. నేను మళ్లీ అడగలేదు.

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, నల్లరేగడి భూముల కోసం ట్రాపికల్టర్ అనే చక్రాల బండిని ప్రయోగాల్లో వాడింది. ఒక జత ఎడ్లతో లాగే ఈ బండికి నాగలి, గొర్రు, బోదెల పరికరం మార్చి మార్చి బిగించవచ్చు. పైన పలకలు పరిస్తే సామాను కూడా మోస్తుంది. పనితనంలో మేటి అయినా ఖరీదు వల్ల రైతుల్లో వ్యాపించలేదు. ఎడ్లకూ ట్రాక్టరుకూ నడుమ నిలిచిన ఆ యంత్రం నమూనాను కూడా అదే వడ్రంగికి అప్పగించాను. చక్రాలకు బొమ్మ ట్రాక్టరు టైర్లు సరిపోయాయి. ఇక్రిశాట్ చూడదలచుకున్నవారు ముందే అనుమతి తీసుకోవాలి.

సామాను చేరవేత గురించి. కొడవళ్లు, మొనలున్న ఇనుము మెట్రోలోకి తేనివ్వరు. బజారు నుంచి ఆటోయే దిక్కు. ఊరికి పంపడానికి ఆర్టీసీ కార్గో నాకు బాగా నచ్చింది. మొనలకు పాత గుడ్డ చుట్టి, కొయ్యను ఇనుముతో కలపకుండా వేరే మూట కట్టి, లోపల ఏముందో పైన రాస్తే అభ్యంతరం చెప్పకుండా తీసుకున్నారు. గుంటక ఒక్క గీత కూడా పడకుండా వచ్చింది. ఇంటికి చేరాక ఇనుమును కిరసనాయిలు గుడ్డతో తుడిచి పలచగా నూనె రాయాలి; రంగు వేయకూడదు, గీకి మెరిపించకూడదు. కొయ్యకు వేపనూనె పట్టించి నీడన ఆరనివ్వాలి.

రోజులు కూర్చుకునేటప్పుడు బుధవారం శిల్పారామం, గురువారం తెల్లవారుజామున జుమేరాత్ బజారు పెట్టుకోవాలి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు కాబట్టి ఆ రోజు చేవెళ్ల వైపు వెళ్లవచ్చు. వడ్రంగికి ఇవ్వదలచిన వస్తువు ఏదైనా గురువారం దొరికి ఉంటే అప్పటికి చేతిలోనే ఉంటుంది.