పాత కారుకు ముందు ఇంజినా, రంగా? పదకొండేళ్ల వాడకం తర్వాత

నా కారు 1998లో తయారైన నాలుగు తలుపుల సెడాన్. 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) లేదు, ఐదు గేర్లు. నా చేతికి వచ్చేసరికి దానికి పదిహేనేళ్లు నిండాయి, మీటరు 1,42,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఇప్పుడు 2,61,000 దాటింది. ఈ పదకొండేళ్లలో దానికి ఇంజిన్ పనీ చేయించాను, బాడీ పనీ చేయించాను. అందులో ఒకటి వేళగాని వేళలో చేయించాను. పాత కారు ఉన్నవాళ్లు ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు: ఉన్న కాస్త డబ్బు పికప్ పెంచడానికి పెట్టాలా, పైన రూపం బాగుచేయడానికి పెట్టాలా? అందుకే నాకు జరిగిందంతా ఒకచోట రాస్తున్నాను.

కొన్నప్పుడు బోనెట్ మీద, టాప్ మీద క్లియర్ కోట్ (రంగు పైన ఉండే పారదర్శక పొర) తెల్లబడి పొరలుగా లేస్తోంది. హెడ్‌లైట్లు పసుపెక్కాయి. ఎడమవైపు వెనక చక్రం పైన రంగు కింద బఠాణీ గింజంత బుడగ ఒకటి ఉంది. ఇంజిన్ ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది, కాకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు బరువు మోస్తున్నట్టు ఈడ్చేది. బుడగ నేను చూశాను. రంగుదే కదా, తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

మొదటి ఏడాదే ఇంజిన్ వైపు వెళ్లాను. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టించాను. ఎగ్జాస్ట్ మార్పించాను. ఆ రెండింటికీ తగ్గట్టు ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించాను. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో! శబ్దం మారిపోయింది, శబ్దం మారితే పికప్ కూడా పెరిగినట్టే అనిపిస్తుంది. వారం పోయాక నిదానంగా గమనిస్తే 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాక కొద్దిగా చురుకు కనిపిస్తోంది. రోజూ నడిపే 1,500 నుంచి 3,000 మధ్య మాత్రం తేడా ఏమీ లేదు.

దీనికి కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. టర్బో ఉన్న ఇంజిన్‌లో రీమ్యాప్ చేసేవాళ్లు బూస్ట్ పెంచగలరు, అంటే సిలిండర్లలోకి గాలిని ఇంకాస్త గట్టిగా తోయగలరు. అందుకే అక్కడ ఇరవై శాతానికి పైగా పవర్ పెరగడం మామూలే. టర్బో లేని ఇంజిన్ పీల్చుకున్నంత గాలే తీసుకుంటుంది. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో ఐదు శాతం, మహా అయితే పది వస్తే గొప్ప. పైగా నా ఓపెన్ ఫిల్టర్ బోనెట్ కింద రేడియేటర్ వేడి గాలినే పీల్చేది. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో కారు మునుపటికంటే మందంగా ఉండేది. ఆరు నెలలకు పాత డబ్బానే మళ్లీ బిగించుకున్నాను. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) మార్చే ఆలోచన కూడా అప్పుడే మానేశాను. పదునైన క్యామ్ వేస్తే పవర్ పై ఆర్‌పీఎంలకు జరుగుతుంది, రోజూ వాడే కింది ఆర్‌పీఎంల దగ్గర లాగుడు తగ్గుతుంది.

ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ముందు క్లచ్ జారడం మొదలైంది. తర్వాత ఇంజిన్ మౌంటింగుల రబ్బరు చీలి, గేరు మార్చినప్పుడల్లా కారంతా ఒక్కసారి కుదుపు. బ్రేకుల సంగతి మరీ టెన్షన్ పెట్టింది. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నా కారులో ఉన్నదేమో ఎప్పుడు మార్చారో తెలియని బ్రేక్ ఫ్లూయిడ్. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తలో కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకుంటే ఆ మరిగే స్థాయి 155 దాకా పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ తొక్కిన ఒత్తిడి బ్రేకులకు చేరదు. ఒక పొడవాటి దిగుడు దారిలో పెడల్ మెత్తగా నేల దాకా దిగింది. గేర్లు తగ్గించుకుంటూ ఎలాగో ఆపాను. ఇంట్లోవాళ్లు కారులో ఉన్నారు. ఇంజిన్ కన్నా బ్రేకులు ముందు చూసి ఉండాల్సిందని ఆరోజు బాగా తెలిసొచ్చింది.

రెండో ఏడాది బ్రేక్ పైపులు మార్చడానికి కారు లిఫ్ట్ మీదకెక్కింది. నేను పక్కనే ఉన్నాను. పనాయన టార్చి వేసి కింద అంతా చూస్తూ, ఎడమవైపు తలుపుల కింద పొడవునా ఉండే సిల్ దగ్గర ఆగాడు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాడు. ముందు వైపు టంగ్ టంగ్‌మని మోగింది. వెనక చక్రానికి జానెడు దూరంలో ఆ మోత పోయి, తడిసిన అట్టను తట్టినట్టు వినిపించింది. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో నొక్కితే సగం దాకా లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే ఎర్రటి పొడి, దాని వెనకే రెండు మూడు చుక్కల నీళ్లు. వాన పడి అప్పటికి నాలుగు రోజులైంది.

పైన నేను చూసిన బఠాణీ గింజ దీని చివరి అంచు. ఇనుము తుప్పుగా మారితే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగును బయటికి తోస్తుంది. బయట బుడగ కనపడిందంటే చాలాసార్లు లోపలి నుంచి తినేసుకుంటూ వచ్చిందని అర్థం. కార్పెట్ ఎత్తి చూస్తే కింద ఫెల్ట్ నీళ్లు పట్టిన స్పాంజిలా ఉంది. ఆ నీళ్లకు దారి ముందు అద్దం కింద దొరికింది. వైపర్ల అడుగున వాన నీరు పోయే రంధ్రం ఎండుటాకులతో పూడుకుపోయింది. నీళ్లు పొంగి, ఎయిర్ వెంట్ దారిన లోపలికి దిగి, ఫ్లోర్ మీద నిలిచి, అక్కడి నుంచి సిల్‌లోకి చేరాయి. ఒక గుప్పెడు ఆకులు తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది!

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి కార్లకు విడిగా చాసిస్ ఉండదు. బాడీ రేకులే అస్థిపంజరం. సిల్ పోతే జాకీ పెట్టే చోటు పోతుంది, పక్కనుంచి గుద్దుకుంటే అడ్డుకునే బలం పోతుంది. దాన్ని బాడీ షోకు పని అనుకోవడం పొరపాటు. అయస్కాంతం గుడ్డలో చుట్టి అంతటా తిప్పితే, కుడివైపు వెనక ఒకచోట అసలు పట్టలేదు. పాత యజమాని హయాంలో అక్కడ లప్పం నింపి రంగు కొట్టారు. లప్పం తేమ పీల్చుకుంటుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

టింకరింగ్ మూడు వారాలు పట్టింది. పాడైన రేకు మంచి రేకు వచ్చేదాకా కోశారు, కొత్తది వెల్డ్ చేశారు, జింక్ ప్రైమర్, అతుకులకు సీలర్, పైన రంగు. అన్నీ అయ్యాక సన్నటి గొట్టంతో సిల్ లోపలికి కేవిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా వేసే మైనం) కొట్టారు. ఈ ఆఖరిది మరిచిపోతే మిగతా పనంతా కొన్నేళ్లకు వృథా, ఎందుకంటే వెల్డింగ్ వేడికి లోపలి వైపు పూత కాలిపోయి ఉంటుంది. ఆ వ్యాక్స్ నేను రెండేళ్లకోసారి మళ్లీ కొట్టుకుంటున్నాను. తొమ్మిదేళ్లయింది, ఆ అతుకుల దగ్గర ఇంతవరకు ఒక్క మచ్చ లేదు.

అప్పటి నుంచి ఏ పని వచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఆగితే ముదురుతుందా? పవర్ తక్కువున్న ఇంజిన్ ఏడాది ఆగినా అలాగే ఉంటుంది. వెలిసిన రంగు కూడా, కింద ప్రైమర్ బయటపడనంత వరకు, ఆగుతుంది. తుప్పు ఆగదు, కూలెంట్ లీకు ఆగదు, గడువు దాటిన టైమింగ్ బెల్ట్ (వాల్వులను, పిస్టన్లను ఒకే తాళంలో కదిలించే బెల్టు) ఆగదు. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఒక బెల్టుతో పోయేది ఇంజిన్ పైభాగమైన హెడ్డంతా విప్పేదాకా వస్తుంది.

ఇంజిన్ విషయంలో నాకు అసలు మేలు జరిగింది నాలుగో ఏడాది. కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఎంత ఒత్తిడి వస్తుందో కొలిచే పరీక్ష, చేయిస్తే మూడు సిలిండర్లు 172, 168, 170 పీఎస్‌ఐ చూపించాయి. నాలుగోది 131. సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం లోపే ఉండాలి. నాలుగో దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశారు. అంకె పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెటో అని. పెరగలేదు. తర్వాత ఆ సిలిండర్లోకి కంప్రెసర్ గాలి పంపి, నన్ను వెనక్కి వెళ్లి వినమన్నారు. సైలెన్సర్ మూతి దగ్గర చెవి పెడితే సన్నగా సుయ్‌మంటోంది. ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు.

హెడ్ దించి వాల్వులు గ్రైండ్ చేశారు. స్టెమ్ సీళ్లు, గ్యాస్కెట్, ఎలాగూ విప్పారు కాబట్టి టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ కొత్తవి వేశారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 సాకెట్ నా కారులోనూ ఉంది. దానికి స్కానర్ పెడితే ఫ్యూయల్ ట్రిమ్ (మామూలు లెక్క మీద కంప్యూటర్ చేసే పెట్రోల్ సర్దుబాటు) 14 శాతం ఎక్కువ చూపించింది. వెతికితే చిటికెన వేలంత వ్యాక్యూమ్ పైపు చీలి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. అది మార్చగానే రెండు శాతానికి దిగింది. ఆ రోజు ఎత్తు మీద మూడో గేరులో కారు లాగిన తీరు, రీమ్యాప్ తర్వాత కూడా నేను చూడలేదు. నేను బయట కొనుక్కుందామనుకున్న పవర్ ఇన్నాళ్లూ ఆ వాల్వ్ సందులోంచి పోతూ ఉంది. రీమ్యాప్ చేసినచోట ముందుగా కంప్రెషన్ చూడలేదు, చూడమని నేనూ అడగలేదు. మీరు మాత్రం తప్పకుండా అడగండి.

షాకబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు మార్పించింది ఐదో ఏడాది. పాత కారు కొత్తదానిలా అనిపించాలంటే దీన్ని మించిన ఖర్చు లేదు. అంతే.

రూపం సంగతికొస్తే, కారు మొత్తానికి రంగు వేయించకుండా మంచి పని చేశాననిపిస్తుంది. పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే తలుపుల మీద 110, 120 మైక్రాన్లు చూపించింది, అంటే ఫ్యాక్టరీ రంగే. దాన్ని సన్నగా పాలిష్ చేయిస్తే చాలు. అందులో పైన క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే, కాబట్టి ఏటా గట్టిగా రుద్దించడం మంచిది కాదు. టాప్ ఒక్కటి కొత్తగా రంగు వేయించాను. హెడ్‌లైట్లు మొదటిసారి తడిపి వాడే ఎమరీ కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి వదిలేస్తే కొన్ని నెలలకే మళ్లీ పసుపెక్కాయి. రెండోసారి 800, 1500, 2000, 3000 నంబర్ల కాగితాలతో వరసగా రుద్ది, పైన యూవీ క్లియర్ కోట్ వేస్తే మూడేళ్లు నిలిచాయి. తలుపుల రబ్బర్లు కొత్తవి వేస్తే గాలి మోత తగ్గింది, నీళ్లూ ఆగాయి. డ్రైవర్ సీటు ఫోమ్, స్టీరింగ్ కవర్, గేర్ నాబ్ మార్చుకున్నాను. బయటి రంగు ఇతరులకు కనిపిస్తుంది. ఇవి రోజూ నా చేతికి, నా నడుముకు తగులుతాయి.

ఇంజిన్ అప్‌గ్రేడ్ వద్దని నేను అనను. అడుగు పొడిగా ఉండి, కంప్రెషన్ నాలుగింట్లోనూ సమంగా ఉండి, బ్రేకులు, టైర్లు కొత్తవైతే నిశ్చింతగా చేయించుకోండి. టర్బో ఉన్న కారైతే ఫలితం నిజంగానే చేతికి తెలుస్తుంది. ఇంజినే మార్చేస్తుంటే మాత్రం వైరింగ్, మౌంటింగులు, కూలింగ్ అన్నీ కలిపి లెక్క వేసుకోండి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో, బీమా వాళ్ల దగ్గర ముందే చెప్పుకోండి. దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

నా కారు బోనెట్ మీద ఇంకా తెల్లటి పొరలు ఉన్నాయి. ఒకచోట, నాణెం అంత మేర, ప్రైమర్ బూడిద రంగు కనపడటం మొదలైంది, కాబట్టి వచ్చే నెల దానికి రంగు వేయిస్తున్నాను. మొన్న రెండు రోజులు ఆగకుండా వాన పడితే, తెరిపివ్వగానే వైపర్ల కింద ఆకులు తీసి, ఎడమవైపు కార్పెట్ ఎత్తి ఫెల్ట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.